కుడి బుగ్గ పురుగు, ఎడమ బుగ్గ పురుగు

సూరత్,
నవంబర్ 2024

ఒరే నర్సూ,

కులాసాయేనా అని అడగను. కులాసా కబుర్లకు ఫోను, కొట్లాటలకు కాగితం అని మా చెల్లె, నీ భార్య మంగ పెట్టిన నియమం. ఆమె పోయి నాలుగేళ్లవుతున్నా మనం దాటలేదు. కాబట్టి ఈ కవరు చూడగానే నీకు విషయం అర్థమై ఉంటుంది. నీళ్లు తాగి కూర్చుని చదువు.

నా ఆఖరి పరిశోధక విద్యార్థిని విజేత గురించి చెప్పాను కదా. ఇక్కడి లింబాయత్ పేట పిల్ల. తండ్రి పరుశురాం మన సిరిసిల్ల నుంచి వచ్చి ఊరి బయట జోల్వాలో మగ్గాలు నడిపాడు. ఆ పిల్ల రెండేళ్లుగా డుమస్ సముద్రపు ఒడ్డు బురదలో మోకాళ్ల దాకా దిగి, బొరియల్లో దాక్కునే రొయ్యలను పంపుతో పీల్చి పట్టింది. కొన్ని రొయ్యలకు ఒక బుగ్గ ఉబ్బి ఉంటుంది, ఇక్కడి మగ్గాలవాళ్లు దవడన మావా పొగాకు పెట్టుకున్నట్టు. ఆ ఉబ్బు విప్పితే మొప్పల గదిలో హాయిగా కాపురం చేస్తూ మన పురుగు. రొయ్య రక్తమే దానికి మూడు పూటలా భోజనం.

'మన' అన్నానని ఉలిక్కిపడకు. కారణం ఉంది.

కుడి బుగ్గలో దొరికిన పురుగులన్నీ ఒక వైపు వంకర. ఎడమ బుగ్గలో దొరికినవన్నీ రెండో వైపు వంకర. గది ఎటు ఉంటే పురుగు అటు వంగి పెరుగుతుంది, అంతే. జన్యువులు కూడా పరీక్ష చేయించింది, ఇసుమంత తేడా లేదు. అంటే 1998లో నువ్వు కాకినాడ మడ అడవుల్లో మూడు పురుగులు పట్టి 'మంగే' అని పేరు పెట్టిన జాతి, నేను తాపీ నది మొగలో రెండు పురుగులు పట్టి 'తాపియెన్సిస్' అని పేరు పెట్టిన జాతి, ఒకటే. నీకు కుడి బుగ్గవే దొరికాయి, నాకు ఎడమ బుగ్గవే దొరికాయి. దాని కోసం ఇద్దరు ప్రొఫెసర్లు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఇప్పుడు ఇద్దరికీ జుట్టు లేదు.

ఒకే జంతువుకు రెండు పేర్లుంటే ముందు అచ్చయిన పేరే నిలవాలి. కానీ మనం పోస్టు ఖర్చు కలిసొస్తుందని రెండు వ్యాసాలూ ఒకే కవరులో పంపాం, ఒకే సంచికలో అచ్చయ్యాయి. ఇలాంటి చోట జంతువుల పేర్ల నియమావళి ఏమంటుందో నీకూ తెలుసు. రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి, ఇది ఉండాలి, ఇది పోవాలి అని ఎవరు మొదట అచ్చులో రాస్తారో వాళ్లదే తీర్పు. ఆ తర్వాత ఎవరూ మార్చలేరు. ఆ మొదటి తీర్పరి మా విజేత కాబోతోంది.

నా వ్యాసం నలభయ్యో పేజీ, నీది నలభై ఆరో పేజీ. పెద్దమనిషిగా గుర్తు చేస్తున్నాను, అంతే.

నీ
బ్రహ్మచారి

•

కాకినాడ,
డిసెంబర్ 2024

చారీ,

నీళ్లు తాగే చదివాను. ఇంకో గ్లాసు కూడా తాగాను.

నలభయ్యో పేజీ అట! నియమావళిలో పేజీ వరుసకు విలువ లేదని మీ పిల్ల చెప్పలేదా? సంపాదకుడు ఇంగ్లీషు అక్షరాల వరుసలో బి ముందు, ఆర్ వెనక వేశాడు. దాన్ని కూడా నీ ప్రతిభ ఖాతాలో వేసుకుంటున్నావంటే రిటైరైనా నీ బుద్ధి రిటైరు కాలేదు.

రెండూ ఒకటే జాతి అనే మాట ముందు నేను నమ్మాలి. నీ తాపియెన్సిస్‌ను నువ్వు గీసిన బొమ్మ చూసి అది పురుగో, తొక్కిన జిలేబీనో తేల్చుకోలేక నేనూ మంగా ఒక పూట నవ్వుకున్నాం. అయినా ఇప్పుడు నువ్వేం చేస్తున్నావురా? ఆడపురుగు పొట్ట కింద గోరంత మగపురుగు అంటిపెట్టుకుని బతుకు వెళ్లదీస్తుంది చూడు, అలా ఆ పిల్ల పరిశోధన కింద వేలాడుతున్నావు. బురదలో దిగింది ఆమె, జన్యువులు చూసింది ఆమె. నువ్వేమో కాగితం మీద పేజీ నంబర్లు లెక్కపెడుతున్నావు.

ఒక శుభవార్త. ఆమె థీసిస్‌కు బయటి పరీక్షకుడిగా ఉంటారా అని మీ యూనివర్సిటీ నుంచి నాకు ఉత్తరం వచ్చింది. మనిద్దరికీ పడదని దేశంలో పురుగులు చూసేవాళ్లందరికీ తెలుసు కాబట్టి పక్షపాతం ఉండదని అనుకున్నట్టున్నారు. వెంటనే సరేనన్నాను.

విజేత పేరున ఒక పెట్టె కాజాలు పంపుతున్నాను. లంచం కాదు. పాపం, బురదలో తిరిగి తిరిగి అలసిపోయి ఉంటుంది. నీకు షుగరు కాబట్టి పెట్టె మూత మీద కూడా చెయ్యి వెయ్యకు.

రాజనర్సు

•

సూరత్,
జనవరి 2025

నర్సూ,

కాజాలు బాగున్నాయి. పెట్టె నా ఇంటి చిరునామాకు పంపడం నీ తెలివి. సగం విజేతకు ముట్టాయి, మిగతా సగం గురుదక్షిణ.

నువ్వు లంచమిచ్చాక నేను ఊరికే ఉంటానా? ఆదివారం డుమస్ తీసుకెళ్లి టమాటా భజియాలు తినిపించాను. తినేదాకా మాట్లాడకుండా, చేతులు తుడుచుకుంటున్నప్పుడు మెల్లగా అన్నాను. తాపీ ఒడ్డున పుట్టి పెరిగినదానివి, ఊరి నది పేరు నిలబెట్టడం ఎంత గౌరవం అని. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

"సార్, ఆ కాకినాడ సారు కాజాలు పంపిండు, మీరు భజియాలు తినిపిస్తుండ్రు. ఇంకో రెండు నెలలు గిట్లనే నడిస్తె నా బుగ్గ కూడ మీ రొయ్య లెక్క ఉబ్బుతది. జర ఆలోచించుండ్రి. ఒకరు నా గైడు, ఒకరు నా ఎగ్జామినరు. మీ పేరు ఉంచితె ఆయన ఫెయిల్ చేస్తడు, ఆయన పేరు ఉంచితె మీరు సంతకం పెట్టరు. జూన్‌ల నవసారి కాలేజీల ఇంటర్వ్యూ ఉంది నాకు. డిగ్రీ లేకుంటె లోపటికి సుత రానియ్యరు. మా బాపు దమ్ము పట్టి మగ్గాల కాడికి పోతలేడు. మీ ఇద్దరి లఫ్డాల నన్ను ఇరికియ్యకుండ్రి, బస్."

నేను సంతకం ఎందుకు పెట్టనమ్మా, నేను అంత అల్పుడినా అన్నాను. ఆ పిల్ల ప్లేటులో మిగిలిన ఒక్క భజియా నా వైపు జరిపింది.

ఏ పేరు ఉంచుతుందో ఇద్దరిలో ఎవరికీ చెప్పదట. ముందు చిన్న వ్యాసంగా అచ్చు వేయించి, అదే అధ్యాయాన్ని థీసిస్‌లో పెడుతుందట. నియమం ఏది చెబితే అదే రాస్తుందట. ఈ మాట నాకు నచ్చలేదు. నియమం ప్రకారం నడిచేవాళ్లతో వేగడం కష్టం, నీకూ నాకూ అనుభవం లేదు.

కానీ ఒక్కటి మాత్రం సూటిగా రాస్తున్నాను. పేరు పోయిందన్న కసితో ఆ పిల్ల థీసిస్ మీద చెయ్యి చేసుకున్నావంటే నీకూ నాకూ పురుగుతో పాటు మనుషుల లెక్క కూడా తేలిపోతుంది.

బ్రహ్మచారి

•

కాకినాడ,
ఫిబ్రవరి 2025

చారీ,

బెదిరింపా? బాగుంది. నేనూ సూటిగానే రాస్తాను.

మంగే పేరు పోతే ఆ థీసిస్ సవరణల కోసం వెనక్కి వస్తుంది. నాకు కొలతలు నచ్చకపోవచ్చు, బొమ్మలు నచ్చకపోవచ్చు, పురుగు మీసాల కణుపుల లెక్క నచ్చకపోవచ్చు. నచ్చకపోవడానికి పరీక్షకుడికి కారణాలు కరువా? నవసారి కాలేజీ ఈ జూన్ కాకపోతే వచ్చే జూన్‌లో కూడా అక్కడే ఉంటుంది.

చదివి నన్ను తిట్టుకుంటున్నావని తెలుసు. తిట్టుకో. తర్వాత ఇది కూడా చదువు.

ఆ మూడు పురుగులు పట్టిన రోజు నేను మడ అడవిలో బురదలో ఇరుక్కుపోయాను. మంగ గట్టు మీద బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక చివరికి కూలబడి నవ్వింది. సిరిసిల్ల నుంచి వచ్చి ఈ సముద్రం గాలికి అలవాటు పడలేక ఏడ్చే మనిషి, ఆ రోజు మాత్రం నవ్వింది. ఆ నవ్వు చూసే ఆ పేరు పెట్టాను. పురుగుకా నా పేరు అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నుంచి సిలిండర్ తెచ్చేవాడితో సహా అందరికీ చెప్పింది. "మా సారు నా పేరు లాటిన్‌ల ఎక్కిచ్చిండు. గది ఇగ ఎన్నటికి పోదట."

కరెంటు మీటరు నా పేరున ఉంది. ఇల్లు నా పేరున ఉంది. గ్యాసు కనెక్షన్ కూడా నా పేరునే ఉంది. ఈ లోకంలో ఆమె పేరున ఉన్నది ఆ పురుగు ఒక్కటే. దాన్ని నీ నది కింద ముంచేస్తానంటే నేను చూస్తూ ఊరుకోలేను. నాకు ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది. రెండూ నీ మీదే.

ఇంకో మాట. మంగే చెల్లదు, అది బాగా ఎదగని నీ పురుగేనని నువ్వు కాన్ఫరెన్సులో కూసినప్పుడు, 2003లో నేను ఒక చిన్న వ్యాసం రాశాను. నిన్ను కడిగి ఆరేశాను. అప్పుడు మనకు మాటల్లేవు కాబట్టి నువ్వు చదివి ఉండవు. మీ విజేతకు చెప్పు, దాన్ని వెతికి చదవమను. వెటకారం ఎలా రాయాలో, నీలాంటివాడిని ఎక్కడ నిలబెట్టాలో నేర్చుకుంటుంది.

రాజనర్సు

•

సూరత్,
మార్చి 2025

నర్సూ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. నిన్ను ఏడిపించడానికి ఇన్నేళ్లలో నాకు ఇంత మంచి అవకాశం రాలేదు. తీరా వచ్చాక చేతులు ఆడడం లేదు.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే విజేతను పిలిచి, మంగే పేరే ఉంచమ్మా, నాకు అభ్యంతరం లేదు అన్నాను. భజియాలు తినిపించినవాడినేనా అన్నట్టు చూసింది. తర్వాత బ్యాగులోంచి వ్యాసం తీసి చూపించింది. అప్పటికే అందులో మంగే పేరే ఉంది! నీ మూడు పురుగులు ఇంకా సీసాలో చెక్కుచెదరకుండా ఉన్నాయట. నా సీసాలో స్పిరిట్ ఆవిరై నా రెండు పురుగులూ పొడి అయిపోయాయట. పోల్చి చూసుకోవడానికి వీలున్న పేరు ఉండడమే మేలని రాసింది. నీ కాజాలకూ నా భజియాలకూ ఆ తీర్పుతో సంబంధం లేదు.

అంటే నువ్వు గెలిచేశావు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. కానీ నువ్వు ఆ 2003 వ్యాసం చదవమన్నావు కదా. నువ్వు చెప్పమన్నావు కాబట్టి చెప్పాను. పిల్ల వడోదర లైబ్రరీకి పోయి వెతికి, కాపీ తీసుకుని వచ్చింది. వచ్చి నా బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుంది.

నీ ఆఖరి పేరా తెలుగులో రాస్తున్నాను, గుర్తుకు తెచ్చుకో. "సూరత్‌లో ఉన్న మా పండిత మిత్రుడు సెలవిచ్చాక ఇక కాదనేదేముంది? సూర్యుడు అరేబియా సముద్రంలో ఉదయిస్తాడని ఆయన అంటే అదీ ఒప్పుకుందాం. మంగే, తాపియెన్సిస్ రెండూ ఒకటే జాతి. ఈ రెండు పేర్లలో తాపియెన్సిస్‌నే సరైన పేరుగా నేను ఇందుమూలంగా ఎంపిక చేస్తున్నాను. మంగే ఇక చెల్లదు."

రెండు పేర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఎంపిక కూడా అచ్చులో ఉంది. ఇందుమూలంగా అని కూడా రాశావు కదరా. మొదటి తీర్పరివి నువ్వే. విజేత ఇరవై రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది.

ఇది వెటకారమమ్మా, వాడి ఉద్దేశం సరిగ్గా తలకిందులు అన్నాను. "నియమావళిల వెటకారానికి సెక్షన్ లేదు సార్. రెండుసార్లు వెతికిన" అంది. ఈ పత్రిక ఎవరు చదువుతారు, నువ్వు చూడలేదనుకో, నీ వ్యాసం ఇలాగే పంపు అన్నాను. నేను, నర్సూ. నా పేరు పోయే పని చెయ్యమని నేనే బతిమాలాను.

"చూసినంక చూడలేదని ఎట్ల రాయాలె సార్?" అంది. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. నీ కోసమో, నవసారి కోసమో నేను అడగలేదు. వ్యాసం తిరగరాసింది. థీసిస్ నీకు బయల్దేరింది.

నీ నోటి దురద గురించి రాయడానికి నా దగ్గర ఒక పుస్తకానికి సరిపడా సరుకుంది. ఈసారికి రాయను.

నీ చారి

•

కాకినాడ,
ఏప్రిల్ 2025

చారీ,

ఆ వ్యాసం అటక మీద నుంచి దింపి చదివాను. దరిద్రం, బాగా రాశాను. ఎక్కడా కామా తీసే పని లేదు.

'ఇందుమూలంగా' అనే మాట ఎందుకు రాశానో కూడా గుర్తుంది. నియమావళి భాషలో రాస్తే నీకు ఎక్కువ మండుతుందని రాశాను. మంగ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఏం నవ్వుతున్నావని అడిగితే చారిగాడిని తిడుతున్నానన్నాను. "మంచిగ తిట్టు, గని నా పేరు మధ్యల తేకు" అంది. తేలేదన్నాను.

మీ యూనివర్సిటీకి మొదట అభ్యంతరమే రాశాను. వెటకారంగా రాసిన ఎంపిక చెల్లదని రెండు పేజీలు. చదువుకుంటే రెండు పేజీల్లోనూ నేను చెబుతున్నది ఒకటే. ఈ రాజనర్సు అనేవాడు అచ్చులో రాసినదాన్ని నమ్మకండి అని. నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాడిని, ఆ ముక్క మీద ఎలా సంతకం పెట్టను? చించేశాను.

తర్వాత థీసిస్ అంతా చదివాను. తప్పుల కోసమే చదివాను, నీ దగ్గర దాచేదేముంది. మీసాల కణుపులు కూడా లెక్కపెట్టాను. సరిపోయాయి. నేను తప్పు దొరకబుచ్చుకోలేని థీసిస్ ఇదే మొదటిది. అది నీ దగ్గర తయారైందంటే నమ్మబుద్ధి కావడం లేదు, ఖచ్చితంగా నీ అడ్డు తప్పించుకునే రాసి ఉంటుంది.

ఫిబ్రవరిలో నేను రాసినది సిగ్గుమాలిన మాట. నా కోపానికి ఒక పిల్ల ఉద్యోగం పోవాలన్నాను. మంగ ఉంటే ఆ పూట నాకు అన్నం పెట్టేది కాదు. డిగ్రీ ఇవ్వవచ్చని రిపోర్టు పంపేశాను. మౌఖిక పరీక్షకు నేనే వస్తున్నాను. స్టేషన్‌కు నువ్వు రాకపోయినా ఫర్వాలేదు. వస్తే మాత్రం ఆ మొహం మామూలుగా పెట్టుకుని రా, జాలి చూపించావంటే అదే రైల్లో వెనక్కి వెళ్లిపోతాను.

రాజనర్సు

•

కాకినాడ,
జూన్ 2025

చారీ,

క్షేమంగా చేరాను. నీ మర్యాదలకు కృతజ్ఞతలు. స్టేషన్‌లో నా పెట్టె మోస్తానని పట్టుబట్టి, మెట్ల మీద జారవిడిచి, చక్రం విరగ్గొట్టావు. నీ సీసా ఎందుకు ఎండిపోయిందో అప్పుడర్థమైంది.

ఆ రోజు హాల్లో నేను ఒక్క ప్రశ్నే అడిగాను, నీకు గుర్తుంది కదా. అమ్మా, ఈ రాజనర్సు అనే రచయిత తన మనసులో ఉన్నదానికి విరుద్ధంగా రాశాడని తెలిసి కూడా ఆయన మాటనే ఎందుకు పాటించారు అని. పిల్ల లేచి నిలబడింది. "సార్, మనసుల ఉన్నది నాకు దొరకలే. కాగితం మీద ఉన్నది దొరికింది" అంది. మొదట నవ్వింది నేను. కానీ అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వు. దాన్ని నేను మర్చిపోను.

లింబాయత్‌లో వాళ్ల అమ్మ నర్సవ్వ పెట్టిన జొన్న రొట్టె, పచ్చి పులుసు తిన్నాక నాకు సిరిసిల్ల గాలి తగిలినట్టయింది. పరుశురాం దగ్గుతూనే నా చెయ్యి పట్టుకుని, "మా పిల్ల జోరుగ మాట్లాడ్తది సార్, ఏమనుకోకుండ్రి" అన్నాడు. ఏమీ అనుకోలేదన్నాను. నిన్న విజేత ఫోన్ చేసింది. నవసారిలో ఉద్యోగం వచ్చిందట. నాకు ముందు చెప్పింది, నీకు తర్వాత చెప్పింది. కావాలంటే అడుగు.

ఇక అసలు విషయం. రైల్లో ఆ అధ్యాయం మళ్లీ తీశాను. పైన పెద్ద అక్షరాల్లో తాపియెన్సిస్, పక్కన నీ పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో మంగే, పక్కన నా పేరు. చెల్లని పేరును కొట్టేస్తారని ఇన్నాళ్లూ భయపడుతూ వచ్చాను. పురుగుల శాస్త్రం నలభై ఏళ్లు చెప్పినవాడిని, నేనే మర్చిపోయాను. చెల్లని పేరును ఎవరూ చెరపరు. చెల్లే పేరు ఎక్కడ వివరంగా రాసినా దాని కింద చెల్లని పేరు కూడా రాసి తీరాలి. నీ పేరును నిలబెట్టినదిగా నా 2003 వ్యాసం పేరు కూడా పెట్టాలి.

అంటే ఇకమీదట ఏ దేశంలో ఎవడు ఆ పురుగు పూర్తి చరిత్ర రాసినా, మంగ పేరు రాయకుండా నీ పేరు రాయలేడు. నువ్వు గెలిచావని ఊరంతా చెప్పుకో, ఫర్వాలేదు. నీ కిందే ఆమె ఉంది, బకెట్టు పట్టుకుని నవ్వుతూ.

ఇక కొట్లాడడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి కాగితంతో పని లేదు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. మొదటి రింగుకే ఎత్తు.

నీ
నర్సు